కృపామాత ఆసుపత్రిలో నా ఉపవాస దీక్ష

నా పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగులో తేలిన రోజు మా ఆవిడ భ్రమరాంబ, "ఉండవూ మరి? ఇన్నేళ్లుగా నోట్లోంచి రాల్చేవి రాళ్లేగా, లోపల కొన్ని మిగిలుంటాయి," అంది.

ఆ మాటకు కారణం లేకపోలేదు. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఊరి హేతువాద సంఘానికి కార్యదర్శిని కూడా. నా పేరు సదాశివరావు. అది మా నాన్న చేసిన పని, నాకు సంబంధం లేదు. భ్రమరాంబ సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసం ఉంటుంది. ఆ మూడు రోజులూ నేను ఆవిడకి ఎదురుగా కూర్చుని, మారు వడ్డించుకుని మరీ తింటాను. శాస్త్రీయ దృక్పథాన్ని ఇంటి నుంచే మొదలుపెట్టాలి కదా.

సర్జన్ డాక్టర్ కరీముల్లా గారు స్కానింగు ఫోటోని దీపానికెత్తి చూసి నవ్వి, "రాళ్లు చిన్నవి మాస్టారూ. చిన్నవే ప్రమాదం. ఒక్కటి గొట్టంలోకి జారిందంటే పచ్చకామెర్లు, లోపల వాపు, నానా గొడవ. నెయ్యి, నూనె బంద్. బుధవారం నా ఆపరేషన్ల రోజు. పొద్దున్నే పరగడుపున వచ్చేయండి. ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు," అన్నారు.

ఇదంతా జరిగింది కృపామాత ఆసుపత్రిలో. మా ఊళ్లో దాన్ని సిస్టరమ్మల ఆసుపత్రి అంటారు. కథోలిక మఠం వాళ్లు ఎప్పుడో పూరిపాకలో మొదలుపెట్టిన ఆ వైద్యం ఇప్పుడు కృపామాత ఆరోగ్య సేవా సమాఖ్యగా పెరిగి, చాలా ఊళ్లలో ఆసుపత్రులు, నర్సింగు కాలేజీలు, ఒక మెడికల్ కాలేజీ దాకా వచ్చింది. దేవుడితో నాకు పేచీ ఉంది గాని ఆ ఆసుపత్రితో ఎప్పుడూ లేదు. మా అమ్మ చివరి రోజులు అక్కడే గడిచాయి. ఆ రోజుల్లో నేను వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుంటే, ఒక సిస్టరు వచ్చి నా నుదుటిమీద చెయ్యి వేసి, "తిన్నావా?" అని అడిగింది. జ్వరం నాకు కాదు, మా అమ్మకి అన్నాను. "నేను అడిగింది జ్వరం సంగతి కాదు," అని గ్లాసుడు గంజి తెచ్చి ఇచ్చింది. ఆ గంజిని నేను ఏ సిద్ధాంతానికీ అప్పగించలేదు.

ఆవిడ సిస్టర్ స్కొలాస్టికా. మా జనం నోట కొలస్తమ్మ. అవుట్‌పేషెంటు గేటు దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. వచ్చిన ప్రతివాడి పేరూ జబ్బూ తర్వాత, ముందు నుదుటిమీద చెయ్యి, "తిన్నావా?" లంకల్లోంచి, సముద్రపు ఒడ్డు పల్లెల్లోంచి కోడి కూసేవేళకి బయల్దేరి, పడవెక్కి, బస్సెక్కి వచ్చే జనం. సగం మందికి జబ్బు కన్నా ముందు ఆకలి. లేదంటే మఠం వంటింట్లోంచి గంజి వచ్చేది. ఆపరేషన్ వాళ్లని మాత్రం అడిగేది కాదు. "నువ్వెట్టాగూ తినకూడదు, లోపలికి పో," అని తోలేది. నోరు మహా దురుసు. గంజి వద్దన్నవాణ్ణి తిట్టి తాగించేది.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత సమాఖ్యవారు ఒక సర్వే చేయించారు.

ఇన్ని కొత్త ఆసుపత్రులు రాగా జనం మన దగ్గరికే ఎందుకు వస్తున్నారు అన్నది సర్వే ప్రశ్న. కొత్త స్కానింగు మిషన్ కోసం అనో, ఏసీ గదుల కోసం అనో జవాబొస్తుందని డైరెక్టరు ఫాదర్ లూర్దురాజు గారు ఆశించారు. ఆయన ఆసుపత్రుల యాజమాన్యం మీద పెద్ద చదువు చదివి వచ్చినవారు. జనం మాత్రం, "ఆ ముసలి సిస్టరమ్మ తిన్నావా అని అడుగుద్దయ్యా," అన్నారు. అందరూ అదే అన్నారు.

ఫాదర్ గారు కంగారుపడ్డారు. ఇంత పెద్ద సమాఖ్య పేరు ప్రతిష్ఠలు ఒక ముసలావిడ అరచేతిలో ఉండటం ఎంత ప్రమాదం! "వ్యక్తి ఆధారిత కారుణ్యం సంస్థాగత బలహీనత. దీనిని తక్షణం వ్యవస్థీకరించవలసి ఉన్నది," అని సర్క్యులరు పంపారు. దానితో కారుణ్య విభాగం పుట్టింది. మెడికల్ కాలేజీలో, నర్సింగు కాలేజీల్లో కారుణ్యం ఒక సబ్జెక్టయింది. థియరీ, ప్రాక్టికల్సు రెండూ ఉన్నాయి. అరచెయ్యి నుదుటికి ఎంత ఆననివ్వాలి, ఎంతసేపు ఉంచాలి, ప్రశ్న ఏ స్థాయిలో అడగాలి అన్నదంతా పుస్తకంలోకి ఎక్కింది. సర్టిఫికెట్ లేనివారెవరూ రోగిని తిన్నావా అని అడగకూడదని నిబంధన వచ్చింది.

న్యాయం అందరికీ ఒకటే కనుక స్కొలాస్టికా గారిని కూడా పరీక్షకి కూర్చోబెట్టారు. ఫెయిలయింది. రోగిని అడగడం మానేసి, పరీక్ష చేయడానికి బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ గారి నుదుటిమీద చెయ్యి వేసి, "మొహం పీక్కుపోయిందేందయ్యా, తిన్నావా?" అని అడిగి, ఆయన లేదనగానే గంజి తేవడానికి వంటింట్లోకి వెళ్లిపోయిందట. గంజితో తిరిగొచ్చేసరికి పరీక్ష సమయం అయిపోయింది. ప్రొఫెసర్ గారు గంజి తాగి సున్నా వేశారు.

ఆవిణ్ణి మఠం వెనక తోటలో మునగచెట్లు చూసుకోమని పంపారు. గేటు దగ్గర ముక్కాలిపీట ఉన్నచోట ఆవిడ నిలువెత్తు ఫోటో పెట్టారు. కింద బంగారు రంగు అక్షరాలతో 'కారుణ్యమే మా చిరునామా' అని రాయించారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటి బుధవారం నేను అమాయకంగా, పరగడుపున వెళ్లాను.

గేటు దగ్గర తెల్లకోటు వేసుకున్న ఒక మెడికల్ స్టూడెంటు అమ్మాయి నా నుదుటిమీద చెయ్యి పెట్టింది. పెదాలు కదుపుతూ లోపల అంకెలు లెక్కపెట్టుకుంటోంది. అవి పూర్తయ్యాక, "తిన్నారా సార్?" అంది.

"లేదమ్మా. ఇవాళ నాకు..."

ఆ పిల్ల మొహం చేటంత అయింది. వెనక్కి తిరిగి, "ఒకరు దొరికారు!" అని కేకేసింది. ప్లేటు వచ్చింది. పొంగలి, దానిమీద నెయ్యి తేలుతోంది.

"నాకు ఆపరేషనమ్మా. పిత్తాశయం. తినకూడదు."

"అది సర్జరీ విభాగం సార్. మాది కారుణ్య విభాగం. ఆకలితో ఉన్న పేషెంటు ఈ గడప దాటితే మా బ్యాచ్ మొత్తానికి మార్కులు పోతాయి." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఖాళీ ప్లేటు ఫోటో తీసి కంప్యూటర్లో పెడితేగానీ గేటు తెరుచుకోదు సార్."

నిజమే, గేటు కంప్యూటరు చేతిలో ఉంది. పక్కనుంచి భ్రమరాంబ, "చదువుకునే పిల్లని ఏడిపిస్తారా? నాలుగు ముద్దలు తినండి," అంది. ఆవిడకి ఆడపిల్లలు ఏడిస్తే చూడలేని గుణం. తిన్నాను. బాగానే ఉంది, మిరియాలు తగలడం వల్ల. గేటు తెరుచుకుంది. పైన ఆపరేషన్ థియేటరు దగ్గర మత్తు డాక్టరమ్మ కూడా నన్ను అదే ప్రశ్న అడిగింది. తిన్నానన్నాను. ఇంటికి పొమ్మంది. ఆ నెయ్యికి రెండు రోజులు కుడి డొక్కలో గునపం దించినట్టు పోట్లు పెట్టాయి.

రెండో బుధవారం తెలివిగా వెళ్లాను. తిన్నారా సార్ అనగానే "తిన్నాను," అన్నాను.

"ఏం తిన్నారు సార్?"

ఆ ప్రశ్న ఉంటుందని అనుకోలేదు. "రెండు ఇడ్లీ."

"చట్నీనా, సాంబారా?"

"చట్నీ."

పిల్ల టకటకా కొట్టింది. గేటు తెరుచుకుంది. నేను విజయగర్వంతో మెట్లెక్కేసరికి పైన మత్తు డాక్టరమ్మ కంప్యూటరు తెర నావైపు తిప్పి చూపించింది. సదాశివరావు, ఇడ్లీ రెండు, చట్నీ, ఇవాళ్టి తేదీతో సహా.

"అబద్ధం చెప్పానమ్మా. కడుపులో ఏమీ లేదు."

"కింద ఒక మాట, పైన ఒక మాటా? అబద్ధాలాడే మనిషికి మత్తు ఎట్టా ఇచ్చేది? షుగరు, బీపీ సంగతుల్లో ఇంకేం దాచారో!" అంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. లేదంటే పొంగలి, తిన్నానంటే ఇంటికి. అందుకని మూడో బుధవారం నోరే తెరవలేదు. పిల్ల మూడుసార్లు అడిగింది. నేను గోడమీద సిస్టరు ఫోటో చూస్తూ నిలబడ్డాను. పిల్ల తెరమీద చూసి, 'కారుణ్యానికి స్పందించని రోగి' అనే మీట నొక్కింది. నన్నొక చల్లటి గదిలోకి తీసుకెళ్లి, సన్నగా వేణువు పాట పెట్టి, మాటలు రాని దుఃఖంలో ఉన్నవారికి ఇచ్చేదట, పెద్ద గ్లాసుతో బాదంపాలు పట్టించారు.

వేరే ఆసుపత్రికి పోవచ్చుగా అంటారు మీరు. నా హెల్త్ కార్డు చెల్లేది ఇక్కడే. అదీగాక, మా అమ్మకి చేసిన ఆసుపత్రి నాకు చేయదా అనే పంతం. అది హేతువుకి అందేది కాదని నాకు తెలుసు.

ఫాదర్ లూర్దురాజు గారి దగ్గరికి వెళ్లాను. కరీముల్లా గారు కూడా అక్కడే తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. "నెల రోజులుగా కత్తి పట్టలేదు ఫాదర్," అంటున్నారు. "వెనక ద్వారం నుంచి వచ్చే యాక్సిడెంటు కేసులు తప్పితే నాకు పనే లేదు."

"క్యాజువాల్టీకి కారుణ్యాన్ని రెండో దశలో విస్తరిస్తున్నాం డాక్టరుగారూ, కంగారుపడకండి," అని ఫాదర్ గారు హామీ ఇచ్చారు.

నేను నా గోడు చెప్పుకున్నాను. ఆపరేషన్ వాళ్లని ఆ ప్రశ్న నుంచి మినహాయిస్తే సరిపోతుంది కదా అన్నాను.

ఫాదర్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. "మాస్టారూ, మీ బాధ నా హృదయాన్ని తాకింది. కానీ ఒక వర్గం రోగులను మినహాయించడమంటే కారుణ్యంలో వివక్ష పాటించడమే అవుతుంది. మా సమాఖ్య దార్శనిక పత్రంలో వివక్షకు తావు లేదు. అయినప్పటికీ ఈ అంశంపై శస్త్రచికిత్స-కారుణ్య సమన్వయ ఉపసంఘాన్ని నియమిస్తున్నాను."

ఉపసంఘం నిజంగానే కూర్చుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు ఒక తీర్మానం కూడా చేసింది. రోగికి ముందు మత్తు ఇచ్చి, తర్వాత నుదుటిమీద చెయ్యి వేసి తిన్నావా అని అడగాలి. జవాబు రాదు కనుక తిండి పెట్టనక్కర్లేదు. ఈ తీర్మానం అమల్లోకి వచ్చేదే. కానీ జవాబు చెప్పనివారు కారుణ్యానికి స్పందించని రోగులవుతారనీ, వారిని వేణువు గదికి తరలించి బాదంపాలు పట్టించాలనీ ఎవరో గుర్తుచేశారు. మత్తులో ఉన్నవాడికి బాదంపాలు ఎలా పట్టించాలన్న దాని మీద ఇంకో ఉపసంఘం పడింది.

ఈలోగా మళ్లీ స్కానింగు తీశారు. కరీముల్లా గారు ఈసారి నవ్వలేదు. "ఒక రాయి గొట్టం మూతి దగ్గరకొచ్చి కూర్చుంది మాస్టారూ. వచ్చే బుధవారం తప్పితే నేను చెప్పలేను," అన్నారు. ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాను. నాకు నిజంగానే భయం వేసింది. సంఘం మీటింగుల్లో చావు గురించి నేను చాలా ధైర్యంగా మాట్లాడినవాణ్ణి.

భ్రమరాంబ తమలపాకు ఈనె తీస్తూ వచ్చి పక్కన కూర్చుంది. "ఒకటి చెప్తాను, అరవరు కదా?"

"అరవను."

"ఉపవాసం అని చెప్పండి."

నేను లేచి కూర్చున్నాను.

"ఆ గేటు పక్క గోడమీద రాసుంది, చూశారా? అన్ని మతాల ఆచారాలనూ గౌరవిస్తామని. ఉపవాసం ఉన్నవాళ్లకి అన్నం పెడితే పాపం. వాళ్లు సిస్టరమ్మలు, చచ్చినా పెట్టరు."

"నేనా! హేతువాద సంఘం కార్యదర్శిని! దేవుడి కోసం ఉపవాసమా!"

"మీరు పోతే సంఘం వాళ్లు సంతాపసభ పెట్టి టీ తాగి పోతారు," అంది. "ఆ తర్వాత నేను సోమవారం, గురువారం, శనివారం ఎవరి ఎదుట ఉపవాసం ఉండాలి?"

నాలుగో బుధవారం. నుదుటిమీద చెయ్యి. "తిన్నారా సార్?"

"ఉపవాసం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పిల్ల నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "సారీ సార్! ఏ ఉపవాసం సార్? ఇక్కడ ఎంచుకోవాలి."

నేను భ్రమరాంబ వైపు చూశాను. ఆవిడ వేళ్లమీద వారాలు లెక్కపెట్టుకుని, నెమ్మదిగా తెల్లబోయింది. "ఇవాళ బుధవారమండీ," అంది నా చెవిలో. "బుధవారం నాకెవరూ లేరు. నేనే రెండుపూటలా తింటాను."

వెనక లైను పెరుగుతోంది. ఎదురుగా శిలువకి ఊదారంగు గుడ్డ కప్పి ఉంది, పక్కన బోర్డుమీద 'తపస్సు కాలం' అని రాసుంది. ఈస్టరు పండుగకి ముందు కథోలికులు నలభై రోజులు పాటించే దీక్ష అది. ములిగేవాడికి గడ్డిపోచ. "అదే," అని వేలు చూపించాను.

"క్రీస్తు ప్రభువు కోసమా సార్?"

"ఆ... ఆయన కోసమే."

గేటు తెరుచుకుంది. మత్తు డాక్టరమ్మ తెరమీద 'ఉపవాసం' అని చూసి నాకు దండం పెట్టింది. గంట తిరక్కముందే కరీముల్లా గారు నా రాళ్లని చిన్న సీసాలో వేసి భ్రమరాంబకి చూపించారట. పెసరగింజలంత ఉన్నాయి. ఇంత గొడవ చేసింది ఇవేనా అని ఆవిడ ఆశ్చర్యపోయిందట.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది.

మర్నాడు పొద్దున్న కరీముల్లా గారు వచ్చి పొట్ట నొక్కి చూసి, "బ్రహ్మాండం. మెత్తటి అన్నం, ఇడ్లీ, ఏదైనా పెట్టొచ్చు," అని నర్సుకి చెప్పి వెళ్లారు. టిఫిను బండి వచ్చింది. ఎడమపక్క మంచానికి ఇడ్లీ, కుడిపక్క మంచానికి ఇడ్లీ. నన్ను దాటి వెళ్లిపోయింది.

"అమ్మా, నాకు?"

నర్సు భక్తిగా చేతులు జోడించింది. "మీ ఉపవాసం ఈస్టరు దాకా ఉంది సార్, కంప్యూటర్లో."

"ఈస్టరెప్పుడు?"

"ఇంకా మూడు వారాల పైన ఉంది సార్."

మధ్యాహ్నం భోజనం బండి కూడా అట్లాగే దాటిపోయింది. భ్రమరాంబ క్యారియరు తెస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "దీక్షలో ఉన్న మనిషికి తిండి పంపిస్తే నా ఉద్యోగం పోద్దమ్మా. మతస్వేచ్ఛ అంట," అన్నాడు. ఆవిడ కిటికీ కింద తోటలో నిలబడి పైకి చూస్తూ, "ఎలా ఉందండీ ఉపవాసం?" అని అడిగింది. ఆ గొంతులో జాలి ఎంత ఉందో ఇంకోటి కూడా అంత ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అనే సామెత తెలుగు మాస్టారు సెలవు పెట్టిన రోజుల్లో పిల్లలకి వ్యాకరణం గంటలో వాడి చూపేవాణ్ణి. అర్థం ఇప్పుడు తెలిసింది.

మూడు గంటలకి మెడికల్ స్టూడెంట్లు వచ్చారు. 'ఉపవాస రోగి పట్ల గౌరవ ప్రదర్శన' అనే ప్రాక్టికల్ అట. వరసగా నిలబడి నన్ను గౌరవంగా చూశారు. గేటు దగ్గరి పిల్ల కూడా వాళ్లలో ఉంది. నేను నీరసంగా మూలుగుతుంటే, "తపస్సు," అని నోటుబుక్కులో రాసుకుంది.

వాళ్ల వెనకే ఫాదర్ లూర్దురాజు గారు, శాలువా, ఫోటోగ్రాఫరు. "మాస్టారూ! హేతువాదిని సైతం కదిలించిన కృప! సమాఖ్య పత్రిక ముఖచిత్రం మీదే!"

నేను ఇక తట్టుకోలేకపోయాను. "ఫాదర్, అది అబద్ధం. నాకు ఉపవాసమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆపరేషన్ కోసం చెప్పాను. నాకు ఇడ్లీ పెట్టించండి."

ఫాదర్ గారు ఫోటోగ్రాఫరుని బయటికి పంపి, తలుపు వేసి, మెల్లగా మాట్లాడారు. "మీరు ఈ మాట అనలేదు, నేను వినలేదు. అబద్ధమని తేలితే మీ ప్రవేశం చెల్లదు. ప్రవేశం చెల్లకపోతే ఆపరేషన్ రద్దవుతుంది."

"చేసిన ఆపరేషన్ని ఎలా రద్దు చేస్తారండీ?"

"రికార్డుల్లో రద్దు చేస్తాం. పిత్తాశయం మీ దగ్గరే ఉన్నట్టు లెక్క. మళ్లీ తీయించుకోవాలంటే గేటు దగ్గర కారుణ్య విభాగం నుంచి మొదలుపెట్టాలి."

నేను ఇంకో దారి పట్టాను. "పోనీ, నిజంగానే ఉపవాసం అనుకోండి. విరమిస్తున్నాను."

"విరమణకు మీ మతగురువు సంతకం కావాలి. మతం గడిలో మీరు 'లేదు' అని రాయించారు. మీకు మతం లేదు, ఉపవాసం ఉంది. మా సమాఖ్య చరిత్రలో ఇటువంటి కేసు మొదటిది. ఉపసంఘాన్ని వేశాను."

"రోగులు కూడా ఉపవాసం ఉండాలనా మీ మతంలో?"

"అబ్బే," అన్నారు ఫాదర్ గారు నొచ్చుకుంటూ. "రోగులకు మా తిరుసభ, అంటే చర్చి, ఎప్పుడో మినహాయింపు ఇచ్చింది. కంప్యూటరు ప్రోగ్రాం రాసిన కుర్రాళ్లకు ఆ సంగతి తెలియదు." ఆయన శాలువా నా కాళ్లమీద కప్పి, మీటింగుకి టైమయిందని వెళ్లిపోయారు.

పొద్దు వాలుతుండగా వరండాలో రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది. కొలస్తమ్మ. నడుం వంగింది, కళ్లజోడుకి ఒకవైపు దారం కట్టి ఉంది. చేతిలో మూతపెట్టిన స్టీలు చెంబు, గ్లాసు.

"ఏందిరా సదాశివం! గేటుకాడ నా బొమ్మ పెట్టి, లోపల నిన్ను ఎండగడతన్నారంటగా. తోటలో మీ ఆవిడ చెప్పింది."

దగ్గరికొచ్చి నా నుదుటిమీద చెయ్యి వేసింది. ఆ పిల్లల చేతుల్లా మెత్తగా లేదు. గరుగ్గా ఉంది, మట్టి వాసన, మునగాకు వాసన. ఎంతసేపు ఉంచిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

"తిన్నావా?"

ఆ ఆసుపత్రిలో నన్ను ఆ మాట ఎంతమంది అడిగారో. ప్రతిసారీ జవాబు ఏం చెబితే ఏమవుతుందో అని గుండె కొట్టుకుంది. ఈసారి కొట్టుకోలేదు. మా అమ్మ చివరి రోజుల్లో నేను కూర్చున్న వరండా గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"లేదు సిస్టర్," అన్నాను.

"ఏడిస్తే కుట్లు లాగుతాయి. తాగు." ఉప్పేసిన గంజి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నడుంమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఫాదర్ లూర్దురాజు గారు. నాకు కప్పిన శాలువా కోసం వచ్చారు కాబోలు, అది ఇంకెవరికో కప్పాలేమో. నా మూతికి అంటిన గంజిని, సిస్టరు చేతిలో చెంబుని చూసి ఆయన మొహం పాలిపోయింది.

"సిస్టర్! మీకు సర్టిఫికెట్ లేదు. ఆయన దీక్షలో ఉన్నారు. ఇది రెండు విభాగాల నిబంధనలకు ఏకకాలంలో..."

ఆవిడ గబగబా వెళ్లి, కాస్త కాళ్లెత్తి, ఆయన నుదుటిమీద చెయ్యి వేసింది. "నువ్వు పుట్టింది ఆ పక్క వార్డులో. బొడ్డు కోసింది నేను. నాకు రూల్సు తర్వాత చెబుదువులే. తిన్నావంట్రా లూర్దూ?"

ఫాదర్ గారు కళ్లజోడు తీశారు. "పొద్దుటినుంచి మీటింగులే సిస్టర్," అన్నారు. అది డైరెక్టరు గొంతు కాదు. "లేదు."

చెంబులో మిగిలిన గంజి ఆయనకి పోసింది. ఆయన నా మంచం చివర కూర్చుని, తల వంచుకుని, ఆఖరి చుక్క దాకా తాగారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ రాత్రి నుంచి నాకు ఇడ్లీ వచ్చింది. ఎలాగో నేను అడగలేదు. ఆ నెలలో ఆపరేషన్‌కి వచ్చిన ప్రతివాడూ గేటు దగ్గర "తపస్సు కాలం" అనే అన్నాడట. మావాళ్ల నోట ఏ రహస్యమూ ఆగదు. కరీముల్లా గారి అత్తగారు కూడా అదే అన్నారట. సమాఖ్య పత్రికలో 'మన ప్రాంతంలో అపూర్వ ఆధ్యాత్మిక జాగృతి' అని వ్యాసం వచ్చింది. ముఖచిత్రం నేనే. సంఘం వాళ్లు నా కార్యదర్శి పదవిని రద్దుచేశారు. పిత్తాశయంలా దాన్ని కూడా నొప్పి లేకుండా తీసేశారు.

డిశ్చార్జి రోజు భ్రమరాంబతో కలిసి, సిస్టరుకి చెప్పి వెళదామని మఠం వెనక తోటలోకి వెళ్లాను. ఆవిడ మునగచెట్టు కింద పీట వేసుకుని కాయలు ఏరుతోంది. మా వెనకే ఆఫీసు అటెండరు యోహాను ఎండలో చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో మెమో. విషయం: 'అనుమతి లేని కారుణ్యం గురించి.' ఆసుపత్రి ఆవరణలో సర్టిఫికెట్ లేకుండా ఎవరినీ ఆ ప్రశ్న ఇకమీదట అడగరాదని, అడిగినచో కఠిన చర్య ఉంటుందని అందులో ఉంది. సంతకం ఫాదర్ లూర్దురాజు గారిదే.

"మీరు చదివి కింద సంతకం పెట్టాలంటమ్మా," అన్నాడు యోహాను.

ఆవిడ కాగితం అందుకుని, చూడకుండానే మునక్కాయల బుట్టలో పడేసింది. పీటమీంచి లేచి, చీరకొంగుకి చెయ్యి తుడుచుకుని, అతని నుదుటిమీద వేసింది.

"ఎండనబడి వచ్చావు. తిన్నావంటయ్యా?"

యోహాను అటూ ఇటూ చూశాడు. మా ఇద్దర్నీ చూశాడు.

"లేదమ్మా," అన్నాడు.